చెడిపోని యంత్రం

ధాన్యం ఆరబెట్టే యంత్రం కోసం ఆ శాస్త్రవేత్త ఏళ్ల తరబడి తల పండించుకుంది. చివరికది ఊక పొయ్యి వేడితో నడిచింది. ముసురు పట్టినా గింజకు బూజు పట్టలేదు. సరిగ్గా అప్పుడే దేశానికి కొత్త విజ్ఞాన విధానం వచ్చిపడింది. ఇకమీదట శాస్త్రవేత్తలంతా వ్యాపారులు కావాలట.

డైరెక్టరు ఆఘమేఘాల మీద ఆమె గదికి పసుపు రంగు వేయించి, 'స్టార్టప్ కేంద్రం' అని బోర్డు తగిలించాడు. యంత్రాన్ని వరండాలోకి గెంటించాడు. శిక్షణకు సొంత మేనల్లుణ్ణి దింపాడు. అతగాడు జన్మలో గుండుసూది అమ్మిన పాపాన పోలేదు గానీ, అమ్మకం గురించి గుక్క తిప్పుకోకుండా చెప్పేవాడు.

ఇంట్లో అత్తగారు విని నవ్వింది. "కూరగాయల బండి దగ్గరే బేరమాడలేవు, నువ్వేం వ్యాపారం చేస్తావే?"

ఉత్తమ స్టార్టప్‌కు బహుమతి ఇచ్చే ఎంపిక సంఘం వచ్చింది. అధ్యక్షుడు యంత్రం చుట్టూ తిరిగి చూశాడు.

"ఎన్నాళ్లు పనిచేస్తుందమ్మా?"

"జాగ్రత్తగా చూసుకుంటే రైతు మనవడు కూడా వాడుకోవచ్చండీ."

"పాడైతే?"

"దగ్గర్లో వెల్డింగ్ షాపుంటే చాలు."

ఆయన మొహం మాడ్చుకున్నాడు. "మరి రెండోసారి మన గుమ్మం ఎవరు తొక్కుతారు? చెడిపోవాలమ్మా. చెడిపోతేనే వ్యాపారం."

"చెడిపోకుండా చెయ్యమనే కదండీ ఇన్నాళ్లూ జీతమిచ్చారు?"

"అది పాత విధానం."

బహుమతి డైరెక్టరు మేనల్లుడు తయారుచేయించిన ఫోన్ యాప్‌ని వరించింది. తడిసిన ధాన్యాన్ని ఫోటో తీసి పంపితే, అది తడిసిందని చెబుతుంది.

ఆమెకు ఒళ్లు మండింది. యంత్రం నమూనా కాగితాలు కాపీలు తీయించి, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ ఊరికే పంచిపెట్టింది. వానలు మొదలయ్యేసరికి ఏ వెల్డింగ్ షాపు ముందు చూసినా ఆ యంత్రాలే.

సంగతి తెలిసి డైరెక్టరు సంజాయిషీ అడగబోయాడు. అంతలో ఎన్ని స్టార్టప్‌లు పుట్టాయో నివేదిక పంపమని పైనుంచి కబురొచ్చింది. దాంతో ఆ షాపులన్నీ రాత్రికి రాత్రే 'మా కేంద్రం పుట్టించిన స్టార్టప్‌లు' అయిపోయాయి. ఆమెకు పదోన్నతి కూడా దొరికింది. ఇక పరిశోధన మానేసి, తోటి శాస్త్రవేత్తలకు వ్యాపారం నేర్పాలి.

"నాకు వ్యాపారం రాదు సార్," అంది.

"నాకు మాత్రం సైన్సు గుర్తుందా? ఈ కుర్చీలో కూర్చోవట్లేదూ?" అన్నాడాయన, తాపీగా.

ఆమె కాదనలేదు. మొదటి క్లాసులో రేకు కోయడం నేర్పింది, తర్వాతి క్లాసులో అతకడం. మధ్యలో ఎవరైనా అమ్మకాల గురించి అడిగితే, మేనల్లుడి గది వైపు చెయ్యి చూపించేది.