అర గ్లాసు కాఫీ

వైశాలి చేసిన నేరం అర గ్లాసు కాఫీ. భర్త స్కాన్‌కు ముందు పొద్దున్నుంచీ కాఫీ, టీ ముట్టవద్దనీ, తాగితే మెదడులో రక్తం పారడం తగ్గి లెక్క తప్పుతుందనీ ఆసుపత్రి వాళ్ళు మరీ మరీ చెప్పారు. అయితే విజయభాస్కర్ గారి గొంతులో కాఫీ పడందే పరాయిదేశంలో, స్కోఫీల్డ్స్ అనే ఊళ్ళోని ఆ ఇంటికి తెల్లవారదు. యాభై ఆరేళ్ళ మనిషి తలనొప్పి, తలనొప్పి అంటూ పసిపిల్లాడిలా స్టవ్ చుట్టూ తిరుగుతుంటే ఇల్లాలి మనసు కరిగింది.

నిన్న టిఫిన్ తింటూండగా ఆయన కుడిచెయ్యి ఉన్నట్టుండి స్వాధీనం తప్పింది. మాట ముద్దగా వచ్చింది. అయిదు నిమిషాల్లో అంతా సర్దుకుని ఆయన నవ్వేశాడు గానీ, చూసిన డాక్టరు నవ్వలేదు. మెదడులో ఎక్కడ ఎంత రక్తం పారుతోందో వెంటనే ఎమ్మారైలో కొలవాలన్నాడు.

స్కాన్ తీసే బిందుమాధవి తెనాలి పిల్ల. తెలుగు వినబడగానే వైశాలికి ప్రాణం లేచొచ్చింది.

"కాఫీ, టీ ఏమైనా తీసుకున్నారా అంకుల్?"

"అబ్బే, చుక్క కూడా ముట్టలేదమ్మా" అన్నాడాయన, భార్య వైపు చూడకుండా.

పరాయిపిల్ల ముందు మొగుణ్ణి అబద్ధాలకోరును చేయడం వైశాలి వల్ల కాలేదు.

తలుపు మూశారు. లోపల మిషన్ దబదబా మోత మొదలుపెట్టింది. ఇవతల కూర్చున్న వైశాలికి ప్రతి చప్పుడూ గుండెల మీదే పడుతోంది. తన మూలంగా పరీక్ష చెడిపోతే? అసలు జబ్బు కనబడక ఇంటికి పంపేస్తే? చేతులారా ఆయన ప్రాణం మీదికి తెచ్చానా? వెంకన్నకు మొక్కుకుందామన్నా ఏ ముఖం పెట్టుకుని మొక్కుకోవాలో తెలియలేదు.

ముప్పావుగంటకు బిందుమాధవి వచ్చింది. ఇందాకటి నవ్వు లేదు.

"ఆంటీ, డాక్టర్ గారు మీతో మాట్లాడాలంటున్నారు. అంకుల్‌ని ఇవాళ ఇంటికి పంపరేమో."

వైశాలి లేచి ఆ అమ్మాయి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "రక్తం తక్కువ కనబడిందా తల్లీ? అది కాఫీ వల్లే! నేనే ఇచ్చాను, అర గ్లాసు. ఆయన నీకు అబద్ధం చెప్పారు. నన్ను ఎన్ని తిట్లయినా తిట్టు. రేపు కాఫీ లేకుండా తీసుకొస్తాను, మళ్ళీ తీయండమ్మా."

ఇంతసేపూ హడలగొట్టిన కాఫీయే ఇప్పుడు ఆమెకు దిక్కయింది. తప్పంతా దానిదే అయితే ఆయనకు ఏమీ లేనట్టే.

బిందుమాధవి తిట్టలేదు. "రిజల్ట్ నేను చెప్పకూడదు ఆంటీ. కాఫీ సంగతి డాక్టర్ గారికి చెప్తాను" అంది. వైశాలి చెయ్యి వదల్లేదు. ఆ పిల్ల నేల చూపులు చూస్తూ మెల్లగా అంది: "కాఫీ వల్ల తగ్గితే రెండు పక్కలా తగ్గుతుంది ఆంటీ."

ఒక పక్కే తగ్గిందన్నమాట. అది తెలియడానికి డాక్టరీ చదవక్కర్లేదు. వైశాలి ఆ పిల్ల చెయ్యి వదిలేసింది.

నడిచి వెళ్ళిన మనిషిని చక్రాల కుర్చీలో బయటికి తెచ్చారు. ఆయన గొంతు తగ్గించి, "కాఫీ సంగతి చెప్పేశావేంటే? బాగా తిట్టారా?" అన్నాడు.

"లేదండీ" అంది వైశాలి. ఎవరైనా తిట్టి ఉంటే బాగుండేదని ఆమె ప్రాణం కొట్టుకుంటోంది.