మట్టిపెట్టె దగ్గర మాట్లాడుకున్న ధర

ఏరు పొంగి వంతెననూ దాని మీదున్న పాల లారీనీ తీసుకుపోయిన వరద తర్వాత రెండో వేసవిలో ఇది జరిగింది.

మా లోయలో అందరిదీ రాస్‌బెర్రీ పంటే. పొద్దున కోసింది సాయంత్రానికి అమ్మాలి. మర్నాటికి రసం కారి ముద్దవుతుంది. ఈ సంగతి కొనేవాళ్లకు మాకన్నా బాగా తెలుసు. రోడ్డు పక్కన ముగ్గురు మూడు రేకుల షెడ్లు వేసుకుని కూర్చునేవారు. మూడు పలకల మీదా ఒకే ధర.

ఒకరోజు తెగువాల్దా పళ్లు తెచ్చింది. మొగుడు పోయిన మనిషి, రెండెకరాలు ఒక్కతే కోస్తుంది. మొదటి షెడ్డులో దోన్ ఫెర్మీన్, అంటే ఫెర్మీన్ గారు, వేలితో నొక్కి చూసి, "మెత్తబడ్డాయి, సగం ధర" అన్నాడు. రెండో షెడ్డువాడు, మాకు చాలు, ఇంక పట్టవు అన్నాడు. మూడోవాడు, "ఫెర్మీన్ దగ్గరికే పోమ్మా, ఆయనే తీసుకుంటాడు" అన్నాడు. తిరిగొచ్చేసరికి ట్రేల కింద నుంచి ఎర్రగా కారుతోంది. ఫెర్మీన్ సగం ధర కూడా లేదన్నాడు. ఆమె ట్రేలన్నీ ఆయన లారీ ముందు రోడ్డు మీద బోర్లించింది.

"ఊరికే తీసుకో. నీ చక్రాలు తింటాయి" అని వెళ్లిపోయింది.

నేను అక్కడే ఉన్నాను. నిజం చెప్పాలి. నా కళ్లు ఆ పళ్ల మీద లేవు, బెనిగ్నో మీద ఉన్నాయి. వాడు ఫెర్మీన్ షెడ్డులోంచి ఈల వేసుకుంటూ బయటికొస్తున్నాడు. వాడి చేనూ నా చేనూ పక్కపక్కనే. ఒకే మొక్కలు, ఒకే నీళ్లు. నా తూకంలో మెత్తపళ్లని కోత పెట్టేవారు, వాడికి పెట్టేవారు కాదు. వాడి ఈల నాకు గిట్టేది కాదు.

ఫెర్మీన్ నా మొహం చదివాడు, పక్కకు పిలిచాడు. "దోన్ ఒనోఫ్రే, నీకు కిలోకి పది పెసోలు ఎక్కువ వేస్తున్నా. బెనిగ్నో చెవిన పడనీకు" అన్నాడు. పది పెసోలకు ఏమీ రాదు. కానీ బెనిగ్నో కన్నా పది ఎక్కువ. ఆ రోజు నేనూ ఈల వేశాను.

ఆ గురువారం మధ్యాహ్నం ఫుట్‌బాల్ క్లబ్బు షెడ్డులో తెగువాల్దా మీటింగు పెట్టింది. ఎనభై మంది దాకా వచ్చారు. రాజధానిలో వ్యాపారుల కుమ్మక్కుల మీద విచారణ చేసే ఆఫీసు నుంచి ఒక లాయరమ్మ కూడా వచ్చింది.

తెగువాల్దా బల్ల ఎక్కలేదు, మా మధ్యలోనే నిలబడింది. "ఫెర్మీన్ మీ చెవుల్లో ఏం ఊదాడో ఒక్కొక్కరూ చెప్పండి."

 వెనక నుంచి ఎవరో, "నాకు పది ఎక్కువిస్తానన్నాడు."

"నాకూ పదే."

"నాకూ అంతే. ఎవరికీ చెప్పొద్దన్నాడు."

బెనిగ్నో లేచాడు. "నన్ను ఒనోఫ్రేకి చెప్పొద్దన్నాడు."

అంతా గొల్లున నవ్వారు. నేను నేల చూశాను. నవ్వు దానంతటదే ఆగిపోయింది.

"ఇన్నేళ్లూ మనం ఒకళ్ల ట్రేలు చూసి ఒకళ్లం ఏడ్చాం. వాళ్లు ముగ్గురూ కలిసి మనల్ని చూసి నవ్వారు" అంది తెగువాల్దా.

లాయరమ్మ చెప్పింది. "మూడు చోట్లా ఒకే ధర ఉంటే నేరం కాదు. ముగ్గురూ కూడబలుక్కుని పెడితే నేరం. దానికి జైలుంది. జరిమానా వేస్తే అది మళ్లీ మీ పళ్లలోంచే లాగుతారు. జైలుకైతే వాళ్లే పోవాలి. కానీ చెవులారా విన్నవాళ్లు కావాలి."

విన్నవాడిని నేను. ఆదివారాలు క్లబ్బు వెనక ఆ ముగ్గురూ రయువేలా ఆడేవారు. తడిమట్టి నింపిన పెట్టెకు అడ్డంగా దారం కట్టి, దూరం నుంచి దాని మీదికి ఇనుప బిళ్ల విసిరే ఆట అది. ఆ మట్టి తడిపి సాపు చేసే పని నాది. మూడు వేసవులు విన్నాను. బయట నోరు మెదపనందుకు నా ట్రేలు ముందు తూచేవారు.

నేను నోరు తెరవకముందే బెనిగ్నో అన్నాడు. "నేను విన్నాను. రయువేలా ఆడుతూ అనుకున్నారు."

షెడ్డంతా చప్పట్లు. వాడి పక్కనున్నవాళ్లు భుజం తట్టారు. వాడు ఒక్క ఆదివారమూ అటు వచ్చినవాడు కాదు. నా చెవులు వాడు ఎత్తుకుపోతున్నట్టనిపించింది.

"ఎక్కడ నిలబడి అనుకున్నారు?" లాయరమ్మ అడిగింది.

"విసిరే గీత దగ్గర."

"అబద్ధం" అన్నాను. అందరూ తిరిగారు. నేను మీటింగుల్లో మాట్లాడే మనిషిని కాను. "గీత దగ్గర ఎవడూ మాట్లాడడు. గురి తప్పుతుంది. బిళ్ల ఎక్కడ పడిందో చూడ్డానికి ముగ్గురూ పెట్టె మీదికి వంగుతారే, తలలు కలుస్తాయే, అప్పుడు మాట్లాడతారు. ఆ వారం ధర అక్కడే చెప్పుకుంటారు. దారం మీద వేసినవాడికి ఏటికి ఇవతలి చేల పళ్లు, మిగతావాళ్లు వాటిని కొనకూడదు. కింద మట్టి సాపు చేస్తూ నేనున్నాను."

"మూడేళ్లు ఉన్నావా?" అంది తెగువాల్దా మెల్లగా.

"ఉన్నాను."

"ఒరే ముసలోడా, ఇప్పుడా చెప్పడం?" బెనిగ్నో నా మీదికొచ్చాడు.

"నువ్వు చెబుతుంటే చూడలేక" అన్నాను. కొందరు నవ్వారు, కొందరు ఉమ్మేశారు.

"రేపటి నుంచి ఈయన పళ్లు ఎవడు కొంటాడు?" అన్నారెవరో.

"ఎవరివీ కొనరు. ఎవరమూ అమ్మం" అంది తెగువాల్దా.

"అమ్మకపోతే ఏం తింటాం?"

"పళ్లే తింటాం. మూడు పూటలా" అంది ముందు వరసలో ఒక ముసలమ్మ.

చాలాసేపు వాదించుకున్నారు. చివరికి చేతులెత్తమన్నారు. రసంతో ఎర్రబడిన చేతులు లేచాయి. బెనిగ్నో చెయ్యి లేచేదాకా చూసి నాదీ ఎత్తాను.

మర్నాడు పొద్దున చేలలో పళ్లు పండి వేలాడుతున్నాయి. నేను కొయ్యలేదు. మూడు షెడ్ల ముందూ మావాళ్లు ఖాళీ ట్రేలు రోడ్డుకు అడ్డంగా పేర్చి కూర్చున్నారు. వాళ్లను దాటి బస్సెక్కి పట్నం వెళ్లాను. లాయరమ్మ సాక్ష్యాలు రాసుకుంటున్న గది ముందు బెనిగ్నో అప్పటికే నిలబడి ఉన్నాడు.

"నీకేం పని?" అన్నాను.

"చెవిలో పది పెసోలు ఊదిన మాట నేనూ చెప్పాలి."

"నా వెనక చెప్పు" అని ముందు నేను లోపలికి వెళ్లాను. ముగ్గురి పేర్లూ చెప్పాను. ఆమె రాసుకుని తలెత్తింది. నాలుగో పేరు కూడా చెప్పాను. అది నాదే.

"మిమ్మల్ని ఎందుకు రాయాలి?"

"మూడు వేసవులు విని నోరు మూసుకున్నాను. దానికి కూలీ ముట్టింది. రాయండి" అన్నాను.