ఆగి ఉన్న పదీ పది

నేను ఒక ఖరీదైన చేతి గడియారాన్ని. ఎంత ఖరీదో చెప్పను. చెబితే మీరు నా కథ మానేసి ఆ డబ్బుతో ఏమేం కొనుక్కోవచ్చో ఆలోచిస్తారు.

మంచు కొండల కింద ఒక చిన్న ఊళ్ళో పుట్టాను. కంటికి భూతద్దం బిగించుకున్న ఒక పెద్దావిడ నాలోని చక్రాలన్నీ ఒక్కొక్కటే పట్టకారుతో అమర్చింది. బియ్యంలో రాళ్ళు ఏరే ఓపిక అది. అమర్చాక చెవి దగ్గర పెట్టుకుని విని, తల ఊపింది. నన్ను అంత శ్రద్ధగా విన్న మనిషి మళ్ళీ తారసపడలేదు. ఆ తర్వాత అందరూ చూసినవాళ్ళే.

నన్ను ఎవరూ కొనుక్కోలేదు. టెన్నిస్ ఆడే పేరున్నవాళ్ళ చేతులకు నన్ను తయారుచేసిన కంపెనీయే పెడుతుంది. ఒప్పందం ఉన్నన్నాళ్ళే ఆ చెయ్యి నాది. మొదట పొడుగాటి తెల్లవాడి చేతికి రెండేళ్ళున్నాను. అతను వరసగా ఓడిపోవడం మొదలుపెట్టగానే మెత్తటి గుడ్డలో చుట్టి వెనక్కి తీసుకున్నారు. పెళ్ళివారిల్లు ఖాళీ అయ్యాక తిరిగి ఇచ్చేసే షామియానా కూడా ఇంకొంచెం మర్యాదగా వెళుతుందనుకుంటాను.

ఇందులో ఇంకో వింత ఉంది. వీళ్ళలో చాలామంది ఆడేటప్పుడు నన్ను పెట్టుకోరు, బరువని. బ్యాగు జేబులో పడుకోబెడతారు. గెలిచిన క్షణాన, చెమట తుడుచుకోకముందే, నన్ను తీసి తగిలించుకుంటారు. అప్పుడు ఫోటోలు. మీరు పేపర్లో చూసి, ఆట మొత్తం నేను ఆ చేతినే ఉన్నాననుకుంటారు.

అలా రెండో చెయ్యిగా నాకు దొరికింది అలేఖ్య. హైదరాబాదు అమ్మాయి, ముప్పై ఒక్కేళ్ళది. మ్యాచికి తప్ప నన్ను చేతి నుంచి తీసేది కాదు. ఒకప్పుడు ప్రపంచంలో అరవయ్యో స్థానం దాకా వెళ్ళింది. కూతురు పుట్టి ఎనిమిది నెలలైంది. ప్రసవమై తిరిగి వచ్చేవాళ్ళకు పాత ర్యాంకు మీద కొన్ని పోటీల్లో ఆడనిస్తారు. ఆ అవకాశాల్లో ఆమెకు మిగిలింది ఒక్కటే. అదీ సొంత ఊళ్ళో. ఇక్కడ గెలుస్తూ పోతే మళ్ళీ సొంతంగా ర్యాంకు వస్తుంది. మొదటి మ్యాచే పోతే, ముప్పై ఒక్కేళ్ళ మనిషి మళ్ళీ అట్టడుగు నుంచి మొదలుపెట్టాలి. ఆ మాట ఇంట్లో ఎవరూ పైకి అనేవారు కాదు.

మొదటి మ్యాచి పదకొండు గంటలకు, బషీర్‌బాగ్ వైపున్న స్టేడియంలో. పదకొండూ పావుకల్లా కోర్టులో లేకపోతే అవతలి అమ్మాయి గెలిచినట్టే. ఆ ఉదయమే కంపెనీవాళ్ళు బంజారాహిల్స్ హోటల్లో ఫోటోలు తీస్తామన్నారు. పదీ ఇరవైకి వదిలేస్తామని కంపెనీ తరఫు మనిషి రోహన్ మాట ఇచ్చాడు. కొత్త పట్టీతో నన్ను అప్పటికింకా ఎవరికీ చూపించలేదు కాబట్టి అందరి ఫోన్లూ తలుపు దగ్గరే ఒక సంచిలో వేయించాడు. పాపను ఎత్తుకుని వెంట వచ్చిన అత్తగారు వర్ధనమ్మ గారి ఫోను కూడా.

ఫోటో తీసే ముందు నాకు చేసేదేమిటో మీకు తెలియదు. పక్కనున్న చిన్న కీ బయటికి లాగి, ముళ్ళను పది గంటల పది నిమిషాల దగ్గర నిలబెట్టేస్తారు. ఆ భంగిమలో నవ్వుతున్నట్టుంటానట, పైగా కంపెనీ పేరు ముళ్ళ మధ్య చక్కగా కనిపిస్తుందట. ఏ ప్రకటన చూసినా మా జాతిలో అందరిదీ దాదాపు అదే సమయం. సమయం చెప్పడానికి పుట్టినదాన్ని అందంగా కనబడాలంటే ఆపెయ్యాలి. మనుషులకు ఇందులో తప్పేమీ తోచదు.

ఫోటోలు అయ్యాయి. కీ తిరిగి లోపలికి నొక్కడం అందరూ మరిచిపోయారు.

రోహన్ అలేఖ్య చేతి వైపు చూసి, "పదీ పదే అయింది. చెప్పినదానికంటే ముందే వదిలేస్తున్నాను చూడండి," అన్నాడు గర్వంగా. అప్పుడు నిజానికి పదీ ఇరవై ఐదు.

"అయితే పాపకి పాలిచ్చి బయల్దేరతా," అని అలేఖ్య పక్కగదిలోకి వెళ్ళింది. నన్ను చూసుకుంటే ముల్లు కదలడం లేదని తెలిసిపోయేది. కానీ పాపను ఎడమ చేతి మీద పడుకోబెట్టుకుంది. నా మీద పాప తల. ఆ చిన్న చెవి సరిగ్గా నా అద్దానికి ఆనుకుని ఉంది. నాలో ఏ చప్పుడూ లేదని ఆ గదిలో తెలిసింది ఆ పిల్ల ఒక్కదానికే.

కాసేపటికి వర్ధనమ్మ గారు వచ్చారు. ముప్పై ఏళ్ళు ఊరూరా తిరిగి పాఠాలు చెప్పిన టీచరు ఆవిడ. చేతికి నల్లతోలు పట్టీతో పాత కీ వాచీ. బస్సు తప్పిపోకుండా దాన్ని ఎప్పుడూ పది నిమిషాలు ముందు పెట్టుకోవడం ఆవిడ అలవాటు. ఉద్యోగం మానినా అలవాటు మానలేదు.

"అమ్మాయ్, నా దాంట్లో పదీ యాభై చూపిస్తోంది. లేస్తావా?"

"మీది ముందు కదా అత్తయ్యా."

"పది తీసేసినా పదీ నలభై కదమ్మా."

"రోహన్ ఇందాకే చూశాడు, పదీ పది. ఇప్పుడు ఇరవయ్యో ఇరవై ఐదో అయుంటుంది." అలేఖ్య నవ్వింది. "మీ వాచీకి పరుగెక్కువైంది. నాకు బదులు దాన్ని ఆడించాలి."

వర్ధనమ్మ గారు నవ్వలేదు. పాప తల కింద మెరుస్తున్న నా అంచును చూశారు. తన వాచీని చూశారు. "అంత ఖరీదుది తప్పు చెబుతుందా? దీనికే వయసైపోయింది," అని కీ లాగి ముల్లును వెనక్కి తిప్పారు.

నేను చూస్తూ ఉన్నాను. ముప్పై ఏళ్ళు ఏ బస్సూ తప్పనివ్వని గడియారం అది. నన్ను నమ్మి దాన్ని అబద్ధంలోకి తిప్పుతుంటే, నాకు నోరున్నా ఏమని చెప్పను?

పది నిమిషాల తర్వాత గదిలో ఫోను మోగింది. కోచ్ విక్టర్ సార్, స్టేడియం నుంచి.

"ఏడున్నవ్ బిడ్డా? నీ ఫోనుకు పదిసార్లు చేసిన. హోటలోళ్ళను పట్టుకుంటే గిప్పుడు కలిపిన్రు."

"ఇప్పుడే బయల్దేరుతున్నా సార్. ఇంకా పదిన్నరేగా."

అవతల ఆయన పక్కవాళ్ళనెవరినో టైము అడగడం వినబడింది.

"పదకొండుకు పది నిమిషాలున్నయ్," అన్నాడాయన.

అలేఖ్య పాప తల కింది నుంచి చెయ్యి లాగి నన్ను చూసింది. పదీ పది. సెకన్ల ముల్లు నిలువునా నిలబడి ఉంది. ఆ చూపును నేను ఎన్ని చేతులు మారినా మరచిపోను. కోపం కాదు అది. ఇంట్లో మనిషే దొంగతనం చేశాడని తెలిసినప్పటి చూపు.

కంపెనీ కారు మూడు కార్ల వెనక ఇరుక్కుని ఉంది. రోడ్డు మీదికి పరుగెత్తి ఆటో ఆపారు. అత్తగారి ఒళ్ళో పాప. ఫోన్ల సంచి హోటల్లోనే ఉండిపోయింది, ఎవరి దగ్గరా ఫోను లేదు. చేతులకున్న రెండు గడియారాలూ అబద్ధాలకోర్లే, అందులో ఒకటి నా మూలాన. మాసాబ్‌ట్యాంక్ దాటేసరికి అలేఖ్య అడిగింది, "అన్నా, టైమెంత?"

"పదకొండు దాటింది మేడం."

లక్డీకాపూల్ దగ్గర ఆటో నిలబడిపోయింది. ముందు బస్సు, దాని ముందు ఇంకో బస్సు. "ముంగట మొత్తం జామే," అన్నాడు డ్రైవరు. ఆమె మళ్ళీ అడిగింది. ఐదు. సిగ్నలు పడింది, కదిలింది, మళ్ళీ ఆగింది. ఎనిమిది. వర్ధనమ్మ గారి పెదవులు కదులుతున్నాయి కానీ ఏ దేవుడి పేరూ వినబడలేదు. నిమిషాలు లెక్కపెడుతున్నారో ఏమో.

అసెంబ్లీ దాటాక మళ్ళీ ఆగింది. "అత్తయ్యా, మీరు నెమ్మదిగా రండి," అని అలేఖ్య ఆటో దిగి పరుగెత్తింది.

స్కూటర్ల మధ్య నుంచి, కొబ్బరిబొండాల బండి పక్క నుంచి, ఆట బట్టల్లో పరుగెత్తే మనిషిని చూసి జనం దారి ఇచ్చారు. ఎవరు తరుముతున్నారో అని వెనక్కి తిరిగి చూశారు కూడా. మలుపులో ఒక గోడకు ఆమె ముంజేయి కొట్టుకుంది. నా కీ లోపలికి వెళ్ళింది. నేను నడవడం మొదలుపెట్టాను, తప్పు సమయం నుంచి చాలా ఖచ్చితంగా.

గేటు దగ్గర కాపలా మనిషి గుర్తింపు కార్డు అడిగాడు. అదీ ఫోనుతో పాటే ఆ సంచిలో ఉండిపోయింది. లోపలి నుంచి విక్టర్ సార్ అరిచాడు, "వదులు భయ్యా, ఆమె కోసమే గదా అందరు కూసున్నది."

నెట్ పక్కన రెఫరీ చేతిలో స్టాప్‌వాచీ పట్టుకుని ఉన్నాడు. అవతలి అమ్మాయి అప్పటికే బ్యాగు జిప్పు వేసేసింది. అలేఖ్య గీత దాటి రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని వంగిపోయింది. రెఫరీ తన గడియారాన్ని ఆపి ఆమెకే చూపించాడు. పద్నాలుగు నిమిషాల ముప్పై ఎనిమిది సెకన్లు.

ఆ గడియారం ప్లాస్టిక్‌ది.

విక్టర్ సార్ ముందే తెచ్చి పెట్టిన ఆట బ్యాగు జేబులో నన్ను వేసి జిప్పు లాగారు. మ్యాచిని నేను చూడలేదు, విన్నాను. మొదటి సెట్టులో బంతి నెట్‌కు తగిలే మెత్తటి చప్పుడే ఎక్కువ. ఆరు ఒకటితో పోయింది. విరామంలో తువ్వాలు కోసం జేబు తెరిచింది, నన్ను చూడకుండానే మూసింది. రెండో సెట్టు ఏడు ఐదుతో ఆమెది. మూడోదానిలో అవతలి అమ్మాయికి రెండుసార్లు గెలుపు ఒక్క బంతి దూరంలో నిలిచింది. ఆ రెండుసార్లూ స్టేడియం ఊపిరి బిగబట్టిన నిశ్శబ్దం బ్యాగులోకి కూడా వచ్చింది. సెట్టు ఆరు ఆరు దాకా వెళ్ళింది. ఆపైన ఒక్కో పాయింటుకు ఒక్కో అరుపు. చివరి పాయింటు అలేఖ్యదైంది, అరుపు ఆగలేదు.

జిప్పు తెరుచుకుంది. ఆమె వేళ్ళు నన్ను తాకాయి. వెనక వరసలోంచి రోహన్ తన మణికట్టును తట్టి చూపిస్తున్నాడు. ఫోటోలవాళ్ళు లేచారు. ఇది నా సమయం. ఇందుకోసమే నన్ను తయారుచేశారు.

వేళ్ళు నన్ను దాటి తువ్వాలు తీసుకున్నాయి.

ఆమె కంచె దగ్గరికి వెళ్ళింది. వర్ధనమ్మ గారు పాపను పైకెత్తి అందించారు. తెరిచి ఉన్న బ్యాగు లోంచి నాకు వాళ్ళ మాటలు వినబడ్డాయి.

"మీ మాట వినాల్సింది అత్తయ్యా."

"నేను మాత్రం విన్నానా నా మాట," అన్నారు వర్ధనమ్మ గారు.

మర్నాడు పేపర్లో ఆమె పాపను అందుకున్న ఆ క్షణం ఫోటోయే వచ్చింది. కంపెనీకి అది పనికిరాలేదు. వారం తిరక్కుండా నన్ను గుడ్డలో చుట్టి తీసుకెళ్ళారు. ఇప్పుడు ఒక ఇనప్పెట్టెలో ఉన్నాను. చేతికి లేకపోతే రెండు రోజుల్లో ఆగిపోవడం మా లక్షణం. ఆగినందుకు ఎవరికీ నష్టం లేని చోట ఆగడం నాకు కొంత శాంతిగానే ఉంది.

ఆ ఫోటోలో ఎండకు కమిలిన రెండు చేతుల మధ్య పాప ఉంది. ఎడమ మణికట్టు మీద, నేను ఉండే మేర, చర్మం తెల్లగా ఉంది. నాకు తెలిసి నేను తప్పు చెప్పని ఫోటో అదొక్కటే.