సాంతా క్లారా దగ్గు

"పడకగదిలో పెడదామంటే వద్దంటావు. ఇక్కడ పెడదామంటే గోడ ముట్టుకోవద్దంటావు. ఆ ఫ్రిజ్‌ని నెత్తిన పెట్టుకుని తిరగనా?" అన్నాడు సెర్వాండో, టేపుతో గూడు లోతు నాలుగోసారి కొలుస్తూ.

"నీ గురక పక్కన ఇరవై ఆరేళ్ళు పడుకున్నాను. ఫ్రిజ్ గురక కూడా నావల్ల కాదు," అంది రెగ్లా. "గోడ ముట్టుకోవద్దనలేదు. నెమ్మదిగా ముట్టుకోమన్నాను. మూడు రోజుల్నుంచీ సున్నమంతా నా పిండిలోనే పడుతోంది."

"ఇంకా పన్నెండు సెంటీమీటర్లు తొలవాలి. సున్నం పడకుండా తొలవడానికి నేనేమన్నా చెదపురుగునా?"

రెగ్లా రొయ్యల వడలు, ఉప్పుచేప ఉండలు చేసి రేవులోని మూడు బార్లకు ఇస్తుంది. ఈస్టరు ముందొచ్చే పవిత్ర వారానికి ఇంకా పన్నెండు రోజులే ఉంది. ఊరేగింపులు మొదలైతే ఊరంతా వీధుల్లో నిలబడే తింటుంది. పాత ఫ్రిజ్ రొప్పుతోంది. కొత్తది మంగళవారం వచ్చి మెట్ల దగ్గర నిలబడిపోయింది. ఇరుగుపొరుగు దాన్ని రాసుకుంటూ, రెగ్లాని తిట్టుకుంటూ పక్కవాటుగా నడుస్తున్నారు. వంటింట్లో అది పట్టేంత వెడల్పున్న చోటు ఒక్కటే, చివరి గోడలోని గూడు. ఆ గూట్లో ఆమె తల్లి కాన్సొలసియోన్ కుర్చీ ఉంది.

"అత్తయ్యా, బాల్కనీ దగ్గర కూర్చుంటే సముద్రం కనిపిస్తుంది," అని సెర్వాండో వారం నుంచి ఆశ పెడుతున్నాడు.

"సముద్రాన్ని ఎనభై మూడేళ్ళుగా చూస్తున్నాను. దాన్లో కొత్తేం లేదు," అంటుంది ఆవిడ.

ఆ గూటి గోడకి అవతల, సాంతా క్లారా అనే పునీతురాలి పేరిట ఉన్న కన్యాస్త్రీల మఠం. పంతొమ్మిదో ఏట ఆ మఠంలో చేరిన బ్రిహిదా ఆవిడ చెల్లెలు. గడప దాటని వ్రతం వాళ్ళది. యాభై ఏళ్ళకు పైగా ప్రతి గురువారం అక్క వెళ్ళి మఠం ముందుగదిలో ఊచలకి ఇటు కూర్చునేది, చెల్లెలు అటు. మూడేళ్ళ కిందట తుంటి ఎముక విరిగాక కాన్సొలసియోన్ ముప్ఫై ఎనిమిది మెట్లు దిగలేకపోయింది. ఫోను చెయ్యాలంటే ఆవిడకి చెవుడు, ఎదురుగా నిలబడి గట్టిగా అంటేనే వినపడుతుంది. కుర్చీతో సహా మోసుకెళ్తానని అల్లుడంటే, "ఊరేగింపులో విగ్రహాన్నా నేను, మొయ్యడానికి?" అని కర్ర ఎత్తింది.

ఆ కర్రతోనే, రోజూ సాయంత్రం ప్రార్థన గంట కొట్టే వేళకి గోడమీద రెండు దెబ్బలు వేస్తుంది. గంట వినపడదు, గడియారం చూసుకుంటుంది.

"ఎవరు వింటారమ్మా?" అని రెగ్లా ఎన్నోసార్లు విసుక్కుంది.

"వినకపోతే పోనీ," అనేది తల్లి.

ఆ రోజు మధ్యాహ్నం కుర్చీని తల్లితో సహా పొయ్యి దగ్గరికి లాగి, సెర్వాండో సుత్తి పట్టాడు. నాలుగో దెబ్బకి ఇటుక ఇటు రాలేదు. అటు పడిపోయింది. లోపల్నుంచి మైనం వాసన, పాత చెక్క వాసన కలిసిన చల్లగాలి వచ్చి రెగ్లా ముఖానికి తగిలింది.

"ఖాళీగా ఉంది," అన్నాడు సెర్వాండో, గొంతు తగ్గించి.

కూతురు హసింతా పరుగున వచ్చి ఫోను లైటు వేసింది. "నాన్నా, కిటికీ! తలుపులు చూడు. ఇంకో ఇటుక తియ్యి."

ఇంకొకటి కాదు, తొమ్మిది తీశాడు. పొయ్యి మీద నూనె కాలుతున్నా రెగ్లాకి పట్టలేదు. మోచేతుల దాకా పిండితో తనూ ఇటుకలు అందుకుంటోంది. రెండు చెక్క తలుపులు బయటపడ్డాయి. హసింతా లాగితే కిర్రుమని తెరుచుకున్నాయి. వాటి వెనక వేలిమందం ఇనపఊచలు. ఊచల వెనక ముతక గుడ్డ, గోడకి తగిలించిన పటం వీపులాగా.

గుడ్డ అవతల్నుంచి ఒక పడుచు గొంతు వణుకుతూ పలికింది. "పరిశుద్ధ మరియకు వందనం."

కన్యాస్త్రీలు ముఖం కనపడకుండా మిఠాయి అమ్మే మఠం తిరుగుడు అర దగ్గర కొనుక్కున్న ఎవరికైనా ఈ పలకరింపుకి జవాబు నాలుగో ఏటి నుంచీ నాలుక మీదే ఉంటుంది.

"పాపమెరుగని తల్లికి వందనం," అంది రెగ్లా. ఆ ఊపులోనే, "అరకిలో బాదం మిఠాయి," అని కూడా అనేసింది.

గుడ్డ అవతల అడుగులు వెనక్కి జరిగాయి.

"మదర్," అని పిలిచింది ఆ గొంతు, "సాంతా క్లారా మిఠాయి అడుగుతోంది."

హసింతా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇంకో పెద్ద గొంతు దగ్గరికొచ్చింది. "ఎవరది? మూడు రోజుల్నుంచీ పటంలో సాంతా క్లారా దగ్గుతోంది. నిన్న దుమ్ము ఉమ్మింది. రెండు కొవ్వొత్తులు కూడా వెలిగించాం."

"దగ్గింది నేనే మదర్," అన్నాడు సెర్వాండో, టోపీ తీసి. "పడవ ఇంజన్లు బాగుచేసే సెర్వాండోని. ఇది మా వంటిల్లు."

"ఓహో. అయితే ఉపవాసపు శుక్రవారాల్లో మా ప్రార్థనలోకి వచ్చే రొయ్యల వాసన మీదేనన్నమాట. పటం దింపండమ్మా, జాగ్రత్త."

పటం దిగింది. చర్చి పైఅంతస్తు మందిరంలో కన్యాస్త్రీల ప్రార్థన పీటలు, వాటి కింద ఎక్కడో బంగారు పీఠం మీది వెలుగు, ఊచల మధ్య నలుగురు సన్యాసినుల ముఖాలు. ఎవరో ఓడ కెప్టెన్ జబ్బు భార్య కోసం ఇంట్లోంచే పూజ చూసేలా కిటికీ పెట్టించాడని పాత సిస్టర్లు చెప్పుకునేవారంది మదర్. అది ఏ గోడలోనో ఎవరికీ తెలియదు.

రెగ్లాకి ఇవేవీ సరిగా వినపడలేదు. ఊచల దగ్గరికి వంగింది. "మదర్, మా పిన్ని. సిస్టర్ బ్రిహిదా. పిలుస్తారా?" అంది.

ఇటు హసింతా అమ్మమ్మ కుర్చీని తిప్పి గూట్లోకి తోసింది. "ఏమే, నన్నెక్కడికి తోస్తున్నావు? ఆ ఫ్రిజ్ వచ్చిందా?" అని కాన్సొలసియోన్ గింజుకుంటోంది. తల ఎత్తి చూసి ఆగిపోయింది.

అటు చేతికర్ర ఊతంతో ఒక చిన్న ముసలి మనిషి వచ్చి ఊచలు పట్టుకుంది.

"లావయ్యావే అక్కా," అంది బ్రిహిదా, అక్కకి వినపడేలా గట్టిగా.

"నువ్వు ఎండిపోయావు. వీళ్ళు నీకు తిండి పెట్టడం లేదా?" అంది కాన్సొలసియోన్, వీధంతా వినపడేలా. మదర్ నవ్వాపుకుంది.

"రోజూ సాయంత్రం రెండు దెబ్బలు. నువ్వేగా?"

"వినపడేదా నీకు?"

"నా పీట ఈ గోడ పక్కనే. తిరిగి నేనూ రెండు కొట్టేదాన్ని."

"నాకు ఒక్క రోజూ వినపళ్ళేదే!"

"చెవుడు కదా నీకు. వినపడదని తెలుసు. అయినా కొట్టేదాన్ని."

కాన్సొలసియోన్ ఊచల సందులోంచి వేళ్ళు పోనిచ్చింది. ముందుగదిలో రెండు వరసల ఊచలుండేవి, చెయ్యి అందేది కాదు. ఇక్కడ ఒకటే వరస. బ్రిహిదా ఆ వేళ్ళను రెండు చేతులా పట్టుకుంది. సెర్వాండో ఇటుకలు సర్దాలన్నట్టు కిందికి వంగి చాలాసేపు లేవలేదు.

"మా నియమానికి ఊచలుండాలి. ఉన్నాయి," అంది మదర్ చివరికి. "నా వైపు నుంచి అభ్యంతరం లేదు. కానీ గోడ మీ ఇంటిది. మళ్ళీ కట్టేస్తామన్నా మేమేమీ అనుకోం. చెప్పండి, సాంతా క్లారాని ఎక్కడ తగిలించాలో చూసుకుంటాం."

మూడింటికి భోజనానికి కూర్చున్నారు. కాన్సొలసియోన్ గూట్లోంచి రానంటే పళ్ళెం అక్కడికే ఇచ్చారు. సెర్వాండో టేపు తీసి, పెట్టి, మళ్ళీ తీసి, జేబులో వేసుకున్నాడు. రెగ్లా అంతకుముందే కొలిచింది. ఇటుకలు పోయాక గూడు లోతు సరిగ్గా డెబ్భై సెంటీమీటర్లు. ఫ్రిజ్ అతికినట్టు కూర్చుంటుంది. పొయ్యికి మూడడుగుల దూరం. అటు తిరిగితే పిండి, ఇటు తిరిగితే రొయ్యలు. పడకగది అంటే నడవా దాటి, రెండు తలుపులు తీసి, చేతుల్లో పళ్ళేలతో రోజుకి నలభైసార్లు.

తల్లి సూప్ తాగుతూ మధ్యమధ్య చెంచా ఆపి ఖాళీ మందిరంలోకి తొంగి చూస్తోంది. అక్కడ ఎవరూ లేరు. అయినా చూస్తోంది.

రెగ్లా అందరి పళ్ళేల్లో రొట్టె ముక్కలు వేసి, తన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"తిన్నాక పడకగదిలో మంచం ఓ పక్కకి జరపండి," అంది నెమ్మదిగా. "ఫ్రిజ్ మా గదిలో ఉంటుంది."