తంతు చేరలేదు

నా కొడుకు పుట్టినప్పటి నుంచి ఒక్కసారీ దొడ్డికి పోలేదు. పొట్ట ఉబ్బి, పచ్చగా కక్కుతున్నాడు. పెద్దాసుపత్రి డాక్టరమ్మ పేగు కొస నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. అది ఎనభై తొమ్మిదో సంవత్సరం. ఫలితం వచ్చిన పొద్దున నేనూ, మా అత్త గోదావరీ, నా భర్త సిద్ధరాములూ ఆమె ముందు నిలబడ్డాం.

“మజ్జాతంతు శేవట్‌పర్యంత్ పోహోచ్లే నాహీత్,” అంది డాక్టరమ్మ మరాఠీలో, చివరిదాకా చేరలేదని. ఆపరేషన్ చేసి, దొడ్డికి పోయేందుకు పొట్ట మీద దారి పెట్టాలట. ఆలస్యమైతే పేగు పగిలి ప్రాణానికే ముప్పట. సంతకం పెట్టమంది.

మా అత్తది బజారు మరాఠీ. బేరమాడితే భవాని పేట్ దుకాణాలన్నీ దిగి రావాల్సిందే. కానీ మజ్జాతంతు అంటే నరమని ఆమెకేం తెలుసు? మగ్గాల ఇళ్ళలో పోగును ధాగా అంటారు గాని తంతు అని ఎవరంటారు? ఆమె చెవిన పడింది మన తెలుగు తంతు.

వరండాలోకి రాగానే అందుకుంది. “ఇన్నవా సిద్ధా? తంతు ఆఖరిదాంక కాలేదంట. శ్రీమంతం ఎగ్గొడితే గిట్లనే అయితది. డాక్టరమ్మకు సుత ఎర్కైంది.”

ఏడో నెలలో నా శ్రీమంతం జరగలేదు. ఆ వారమే మా నాయన పోయాడు. మైలలో గాజులెవరు తొడుగుతారు?

“ముందు తంతు జేపిద్దాం. ఎన్కనే కోత. సంతకం పెట్టకు,” అంది. సిద్ధరాములు కలం జేబులో పెట్టుకున్నాడు. తల్లి గీసిన గీత దాటడు. నా మాట దాటడానికి మాత్రం ఏ అడ్డూ లేదు. ఒళ్ళు మండి ఇద్దరినీ మళ్ళీ లోపలికి లాక్కెళ్ళాను.

“మేడం, ఏ నెలలో ఆగింది?” అని బడిలో నేర్చుకున్న మరాఠీలో అడిగాను. ఆమె కాగితం మీద గొట్టం గీసింది. నరాల కణాలు మెడ దగ్గర బయలుదేరి, పేగు వెంట పైనుంచి కిందికి నడుస్తాయట. బిడ్డ కడుపులో ఉండగా మూడో నెలకే కొసకు చేరాలట. వీడిలో కొసకు కాస్త ఇవతలే ఆగిపోయాయి. అవి లేని ముక్క బిగుసుకుపోయి దేన్నీ ముందుకు పోనివ్వదు.

“అత్తమ్మా, గీ తంతు అంటే నరం. మూడో నెలనే ఆగిందంట. శ్రీమంతం ఏడో నెల గదా,” అన్నాను.

అత్త మొహం పాలిపోయింది. మూడో నెలలో తంబాకు వాసనకు నేను కక్కుకుంటుంటే, నకరాలు చెయ్యక బీడీలు చుట్టమని చేట నా ఒళ్ళో పెట్టింది ఆమే.

“బాలమణీ, గందుకేనా? జర అడుగు. నా నోట రాదు.”

నాకు సంతోషమేసింది, దాచడమెందుకు. “ముందు నీ కొడుకును సంతకం పెట్టమను. ఎన్క అడుగుత,” అన్నాను.

ఆమె కళ్ళతో సైగ చేసింది. సిద్ధరాములు సంతకం పెట్టాడు. అప్పుడు అడిగాను. ఎందుకు ఆగుతాయో తమకే పూర్తిగా తెలియదనీ, ఇందులో ఎవరి తప్పూ లేదనీ చెప్పి డాక్టరమ్మ నర్సును పిలిచింది. పిల్లాణ్ణి తీసుకుపోయారు.

అత్త నా చెయ్యి పట్టుకుంది. “అంటే నాది గాదా?”

“నాది సుత గాదు,” అన్నాను.