పేరయ్య గారి ఉప్పు వాసన

నేను ఒక గరిటెను. ఇంట్లో పప్పు తిప్పుకునే చిన్నాచితకా సరుకును కాను. గంగాళంలో దిగి అడుగు ముట్టి రాగల రెండు మూరల ఇత్తడి గరిటెను. అజ్జరంలో ఒక కంచరి నన్ను పోతపోసి, సానపట్టి, కళాయి పూయించి అమ్మాడు. కళాయి లేని ఇత్తడిని పులుసులో ముంచితే చిలుము రుచి వస్తుంది మరి. మొదట రాజమండ్రిలో ఒక హోటల్లో సాంబారు పోశాను. ఆ సాంబారు గురించి మాట్లాడను. యజమాని కాలం చేశాడు, పోయినవాళ్లను ఆడిపోసుకోవడం నాకిష్టం లేదు. హోటలు మూతపడ్డాక పాతసామాన్ల కొట్లో పడి ఉంటే, అమలాపురంలో పెళ్లి వంటలకు పేరుమోసిన పేరయ్య గారు చూసి తెచ్చుకున్నారు.

గరిటెకు నాలుక లేదు, దీనికి రుచుల సంగతి ఏం తెలుసని మీరు మూతి తిప్పుకోవచ్చు. నాలుక ఉండి మీరు తెలుసుకున్నదీ అంతంతమాత్రమే. మీ నాలుకకు తెలిసినవి ఉప్పు, పులుపు, తీపి, చేదు, ఆపైన ఉడికిన టమాటాలో ఉండే ఒక రకం కమ్మదనం. అంతే! కారం అసలు రుచే కాదు, మంట. వేడి తగిలి నోరు కాలిందని చెప్పే నరాలే కారం సంగతీ చెబుతాయి. వగరంటే నోరు పట్టేయడం. ఇంగువ, కరివేపాకు, పనసపొట్టు కూరలో ఆవఘాటు, ఇవన్నీ ముక్కు చలవే. నమిలేటప్పుడు గొంతు వెనక నుంచి వాసన ముక్కులోకి ఎక్కుతుంది. చాకిరీ ముక్కుది, పేరు నాలుకది. ఈ చదువంతా నాకొక డాక్టరు గారి పుణ్యాన అబ్బింది. ఆయన దగ్గరికీ వస్తాను.

పేరయ్య గారికి ఒక నియమం ఉంది. పెళ్లివంట ముందు దేవుడికి నైవేద్యం కావాలి కాబట్టి పొయ్యి దగ్గర ఎవరూ రుచి చూడకూడదు. మరి ఉప్పు సరిపోయిందో లేదో తెలిసేదెలా? అక్కడే ఆయన ఘనత అంతా. కుతకుతలాడుతున్న ముక్కల పులుసును నాతో ముంచి ముక్కు దగ్గరకు తెచ్చుకుని, ఎడమచేత్తో ఆవిరిని విసురుకుని, కళ్లు మూసుకుని, చూస్తున్నవాళ్లు ఊపిరి బిగబట్టేదాకా ఆగి, "ఉప్పు సరిపోయిందండోయ్!" అనేవారు. నిజంగానే సరిపోయేది. ఆ తంతు చూడటానికి మగపెళ్లివారు విడిదిలోంచి లేచి వచ్చేవారు.

అసలు సంగతి నాకు తెలుసు. ఆయన అలా మడిపంచె బిగించుకోవడానికి పక్కకు వెళ్లగానే, కూరలు తరుగుతున్న భార్య విశాలాక్షమ్మ గారు గబుక్కున లేచి, నాతో నాలుగు చుక్కలు అరచేతిలో వేసుకుని నాలుకకు రాసుకునేవారు. చాలకపోతే కాస్త ఉప్పు వేసి, ఏమీ ఎరగనట్టు మళ్లీ కత్తిపీట ముందు కూర్చునేవారు. ముప్పై ఏళ్లపాటు ఇదే వరస. వాసన ఆయనకు, కీర్తి ఆయనకు, అరచేయి కాల్చుకోవడం ఆవిడకు.

ఒక ఏడు శ్రావణమాసంలో పేరయ్య గారికి జ్వరం వచ్చి తగ్గింది. జ్వరంతోపాటు వాసన కూడా పోయింది. ఇంగువ డబ్బాలో ముక్కు పెట్టినా ఏమీ తెలియలేదు. మనిషి బెంబేలెత్తిపోయారు. ఎవరికీ చెప్పలేదు, భార్యకు కూడా. మండపేటలో ఆరువందల విస్తళ్ల పెళ్లి ఒప్పుకుని ఉన్నారు. ఉప్పు తప్పితే ముప్పై ఏళ్ల పేరు ఒక్క బంతిలో గంగలో కలుస్తుంది.

పెళ్లినాడు విశాలాక్షమ్మ గారు యథాప్రకారం తన పని చేసేసి వెళ్లి కూర్చున్నారు. ఉప్పు అమరింది. అప్పుడు వచ్చారు పేరయ్య గారు. అటూ ఇటూ చూసి, నాతో కాస్త పులుసు తీసి, వేలు ముంచి నాకారు. వాసన తెలియని నోటికి పులుసు చప్పచప్పగా తగిలింది. పాపం, అది ఉప్పు తక్కువ కావడమేననుకుని గుప్పెడు వేశారు. మళ్లీ నాకి, ఇంకో గుప్పెడు వేశారు. నాకు నోరుంటే కేక పెట్టేదాన్ని. ఆ తరవాత నన్ను ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని, "సరిపోయిందండోయ్!" అన్నారు. నాకు జాలేసింది.

మొదటి బంతిలో పులుసు వడ్డించగానే మంచినీళ్ల కోసం కేకలు మొదలయ్యాయి. పెళ్లికూతురి మేనమామ విస్తరి ముందు నుంచి లేచి వంటశాలలోకి వచ్చేశారు.

"ఏవండీ పేరయ్య గారూ, ఉప్పాడెళ్లి సముద్రం గానీ తోడుకొచ్చారా ఏంటండీ?"

పేరయ్య గారు నన్ను గంగాళం అంచుకు ఆనించారు. "నా ముక్కు పోయిందండి. ఉప్పు వాసన తెలీట్లేదు. ఈయాళ్టితో నాకీ పని చాలండి" అని తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు.

మేనమామ వెనకే వచ్చిన నూకరాజు గారు ముక్కు, చెవి, గొంతు డాక్టరు. ఆ మాట వినగానే ఆయన కనుబొమలు ముడిచి, ఉప్పు డబ్బా మూత తీసి మేనమామ ముక్కు కింద పెట్టారు.

"ఏవైనా వాసనొస్తోందాండీ?"

"అబ్బే. ఉప్పుకి వాసనేంటండీ?"

"అదే నేననేదీను. ఉప్పు చెప్పాల్సింది నాలుకండి, ముక్కు కాదు. జొరంతో పోయిన వాసన మళ్లీ రావొచ్చు. రోజూ లవంగం, నిమ్మతొక్క వాసన చూస్తా ఉండండి. కానీ పేరయ్య గారూ, ముక్కు బాగున్నప్పుడు మాత్రం మీకు ఉప్పెలా తెలిసిందండీ?" అని అడిగి, నేను పైన చెప్పిన చదువంతా అక్కడే నిలబడి చెప్పారు.

పేరయ్య గారి మొహం చూడలేకపోయాను. ముక్కు పోయినందుకు కూడా ఆయన అంత కుంగిపోలేదు. ఆ ముక్కు ఏనాడూ ఉప్పు చెప్పలేదని తెలిసి కుప్పకూలిపోయారు. భార్య వైపు తిరిగారు.

"మరి ఇన్నాళ్లూ ఎవరు చూశారే?"

రెండో బంతికి ఇంకో గంగాళంలో పులుసు మరుగుతోంది. విశాలాక్షమ్మ గారు లేచివచ్చి నన్ను అందుకుని, అందరూ చూస్తుండగానే నాలుగు చుక్కలు అరచేతిలో వేసుకుని నాలుకకు రాసుకున్నారు. ఆ అరచేతి మధ్యలో పాత కాలిన మచ్చలు పేరయ్య గారికి అప్పుడు కనిపించాయి. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అరగుప్పెడు వెయ్యండి" అన్నారావిడ.

ఆయన బుద్ధిగా వేశారు. ముప్పై ఏళ్లలో ఆయన భార్య మాట ప్రకారం ఉప్పు వేయడం నేను చూడటం అదే మొదలు. వేశాక మళ్లీ బెంగ పట్టుకుంది. మేనమామకు వినబడకుండా గొణిగారు.

"అది కాదే, ఈ గంగాళం దేవుడికింకా నైవేద్యం పెట్టలేదు. నువ్వు రుచి చూసేశావు."

విశాలాక్షమ్మ గారు నన్ను ఆయన చేతిలో పెట్టారు.

"ముప్పై ఏళ్ల నుంచీ ఆ దేవుడు నేను రుచి చూసిందే తింటున్నాడండి. ఉప్పెక్కువైందని ఒక్కనాడైనా అన్నాడా? మీరు చేసిన ఈయాళ్టి పులుసు తిని ఏమనుకున్నాడో, ముందు అది చూసుకోండి."