నార్బర్ట్ ఎటువైపు

ఆ అక్టోబరు నెలంతా విస్కాన్సిన్‌లో ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. అధ్యక్ష ఎన్నిక దగ్గర పడితే ఈ రాష్ట్రంలో ఎప్పుడూ ఇదే గోల. చాలా రాష్ట్రాలు ఎటు మొగ్గుతాయో అందరికీ ముందే తెలుసు కనుక అక్కడివాళ్ల జోలికి ఎవరూ పోరు. ఇక్కడివాళ్లను మాత్రం కూర్చోనివ్వరు, తిననివ్వరు. మీరు ఎటువైపు, ఎంత గట్టిగా అటువైపు, పోయిన వారానికీ ఈ వారానికీ ఏమైనా మనసు మారిందా అని అడిగి ప్రాణం తీస్తారు. ఊళ్లో చాలామంది ఫోను తీయడమే మానేశారు. ఆర్లీన్ కుబియాక్ మాత్రం తీసేది. ఆమెకు ఇంట్లో మాట్లాడే మనిషి కరువయ్యాడు.

మనిషి ఉన్నాడు, మాటే పోయింది. కిందటి చలికాలంలో ఆమె భర్త నార్బర్ట్‌కు పక్షవాతం వచ్చి కుడివైపంతా పడిపోయింది. నోట్లో ఒక్క మాట మిగిలింది. "నాలుగు." నది ఒడ్డున కాగితం మిల్లులో నాలుగో నంబరు మిషను మీద పనిచేసి రిటైరైన మనిషి. అందుకే ఆ మాట మిగిలిందో, మరెందుకో డాక్టరు కూడా చెప్పలేకపోయాడు. ఆకలేస్తే నాలుగు, నడుము నొప్పెడితే నాలుగు, టీవీలో ఫుట్‌బాల్ ఆటలో మనవాళ్లు బంతి జారవిడిస్తే గట్టిగా నాలుగు. ఏ నాలుగుకు ఏం అర్థమో గొంతును బట్టి ఆర్లీన్ కనిపెట్టేది. కొన్నిసార్లు కనిపెట్టలేకపోయేది.

అప్పటినుంచి నార్బర్ట్‌ను ఎవరూ ఏమీ అడగడం లేదు. "ఈయనకు నిద్ర పడుతోందా?" అని డాక్టరు ఆమెనే అడుగుతాడు. శుక్రవారం చేపల వేపుడు తిందామని హోటలుకు తీసుకెళ్తే, "ఆయనకేం తెమ్మంటారు?" అని వడ్డించే పిల్ల ఆమె మొహంలోకే చూస్తుంది. నార్బర్ట్ ఆ పిల్లనే చూస్తూ కూర్చుంటాడు.

ఇప్పుడు ఓటు వచ్చింది. ఇంట్లోనే ఓటు వేసి తిరిగి పోస్టులో పంపే కవర్లు ఇద్దరికీ చెరొకటి వచ్చాయి. పెళ్లయినప్పటినుంచీ వాళ్లిద్దరిదీ చెరో పార్టీ. ఒకే ట్రక్కులో పక్కపక్కన కూర్చుని వెళ్లి, ఒకరి ఓటును ఒకరు కొట్టేసుకుని, వచ్చే దారిలో కాఫీ తాగి ఇంటికొచ్చేవాళ్లు. "నీదీ నాదీ కలిపితే సున్నా. పెట్రోలు దండగ" అనేవాడు నార్బర్ట్. అన్నాడే కానీ ఒక్కసారి కూడా మానలేదు, ఆమెను మాననివ్వలేదు.

ఆర్లీన్ తన ఓటు తన పార్టీ అభ్యర్థి మెర్రిక్‌కు వేసి పంపేసింది. నార్బర్ట్ కవరు బల్లమీద ఉండిపోయింది. ఆయన చెప్పినట్టు భార్య గుర్తు పెట్టవచ్చు, కవరు మీద ఉండాల్సిన సాక్షి సంతకం కూడా భార్యే చేయవచ్చు అని టౌను ఆఫీసులో క్లర్కు చెప్పింది. కానీ ఆర్లీన్‌కు మనసొప్పలేదు. అవతలి పార్టీ మనిషి తానే అడిగి, తానే గుర్తు పెట్టి, తానే సాక్షినంటే ఏం బాగుంటుంది? ఆయన పార్టీ మనిషి ఎవరైనా చూస్తుండగా జరగాలి. అందుకే ఆ శనివారం ఆడపడుచు డొలోరెస్‌ను రమ్మంది.

డొలోరెస్ గసగసాల రొట్టె పట్టుకుని వచ్చింది. కోటు విప్పకముందే కవరు చూసింది.

"ఇదా సంగతి? రొట్టె కోసం పిలిచావనుకున్నా వదినా."

"సాక్షిగా ఉండు డాలీ. మీ అన్నయ్య ఎవరికి వేయమంటే వాళ్లకే పెడతాను. మీ పార్టీ టాల్బట్‌కే అంటాడు, నాకు తెలుసు. నీ ఎదురుగానే పెడతా."

"అన్నయ్య ఎక్కడ అంటాడు? అన్నయ్యకు నాలుగు తప్ప ఇంకేం వచ్చు?"

"చేయి నొక్కుతాడు. ఎడమ చేయి బాగానే ఉంది. టీ కావాలా కాఫీ కావాలా అని అడిగితే కావాల్సినదానికి నొక్కుతాడు."

"ఆ నొక్కడం నీకు తప్ప ఇంకెవరికీ తెలియదు. మంచి ఏర్పాటే." డొలోరెస్ కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఇన్నేళ్లూ మావాడు నీ ఓటును కొట్టేశాడు. ఇప్పుడు నీకు రెండు ఓట్లు కావాలి."

"ఆ మాట నా ఇంట్లో కూర్చుని అంటున్నావు."

"మా అన్నయ్య ఇంట్లో కూర్చుని అంటున్నా. కత్తి ఇవ్వు, రొట్టె కోస్తాను."

నార్బర్ట్ కిటికీ దగ్గర చక్రాల కుర్చీలో ఉన్నాడు. తన గురించే మాట్లాడుతున్నారని తెలుస్తోందో లేదో, ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు.

అప్పుడే ఫోను మోగింది. ఆర్లీన్ స్పీకరు నొక్కి బల్లమీద పెట్టింది. కుర్రవాడి గొంతు. పేరు కోరీ అన్నాడు, ఎన్నిక మీద ప్రజాభిప్రాయం తెలుసుకుంటున్నామన్నాడు, ఏమీ అమ్మడం లేదని ఒట్టుపెట్టినంత పని చేశాడు.

"అడుగు బాబూ," అంది ఆర్లీన్.

"మీ ఇంట్లో పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లలో, అందరికన్నా ఈమధ్యన పుట్టినరోజు జరుపుకున్నవాళ్లతో మాట్లాడాలమ్మా."

"పుట్టినరోజుతో నీకేం పని?"

"లేకపోతే ప్రతి ఇంట్లోనూ ఎప్పుడూ ఫోను తీసేవాళ్లే మాట్లాడతారు. తీయనివాళ్ల మనసులో ఏముందో మాకు ఎప్పటికీ తెలియదు."

ఆర్లీన్ పుట్టినరోజు మార్చిలో. నార్బర్ట్‌ది ఈ నెలలోనే అయింది. కేకు మీద కొవ్వొత్తి కూడా ఆమే ఊదింది. నాదే అని అబద్ధం చెబితే అయిపోయేది. కానీ ఇన్ని నెలల్లో ఒక బయటి మనిషి నార్బర్ట్ కావాలని అడగడం ఇదే మొదలు. ఆ కుర్రవాడికి నార్బర్ట్ జవాబు చెబితే, అది డొలోరెస్ కళ్లతో చూస్తే, ఇక అనుమానం ఉండదు కదా అని కూడా అనిపించింది.

"మావారు. ఇదిగో, ఇస్తున్నా," అంది.

"వదినా, నీకు మతిపోయిందా?" అంది డొలోరెస్.

ఆర్లీన్ ఫోను తీసుకెళ్లి నార్బర్ట్ ఒళ్లో పెట్టి, పక్కన స్టూలు వేసుకుని, ఎడమ చేయి పట్టుకుంది.

"నమస్తే సార్," అన్నాడు కోరీ. "ఒకటి నుంచి ఐదు దాకా చెప్పండి, ఐదంటే చాలా ఎక్కువ. ఈ ఎన్నిక మీద మీకు ఎంత ఆసక్తి ఉంది?"

"నాలుగు," అన్నాడు నార్బర్ట్.

"థాంక్యూ సార్."

ఆర్లీన్ ఫోనును ఆయనకు ఇంకాస్త దగ్గరికి జరిపింది. ఎవరో ఆయన మాట విని, సరేనని రాసుకుని, థాంక్యూ కూడా చెప్పారు.

"అలాగే ఒకటి నుంచి ఐదు దాకా, మీరు ఓటు వేయడం ఎంతవరకు ఖాయం?"

"నాలుగు!"

"పేరడిగినా అదే అంటాడు నాయనా," అని డొలోరెస్ రొట్టె నములుతూ గొణిగింది. ఆర్లీన్ కళ్లెర్రజేసింది. నార్బర్ట్ మాత్రం చెల్లెలిని పట్టించుకోలేదు. వంగిపోయిన మనిషి కాస్త నిటారుగా అయ్యాడు. మిల్లులో ఫోర్‌మన్ వచ్చి ఏదైనా అడిగితే ఇలాగే నిలబడేవాడని ఆర్లీన్‌కు గుర్తుంది.

"ఎన్నిక ఇవాళే జరిగితే మీరెవరికి ఓటేస్తారు సార్? మెర్రిక్‌కా..."

చేయి నొక్కాడు. గట్టిగా, మీట నొక్కినట్టు.

"...టాల్బట్‌కా?"

చేయి వదులైంది. ఏమీ లేదు. "నాలుగు," అన్నాడు నార్బర్ట్ నింపాదిగా.

"సార్, సరిగ్గా వినపడలేదేమో, మళ్లీ చదువుతాను. మెర్రిక్‌కా..." మళ్లీ నొక్కాడు. "...టాల్బట్‌కా?" మళ్లీ వదులు. "నాలుగు."

ఆర్లీన్ ఆయన చేతి వంక చూసింది. మెర్రిక్ తన మనిషి. నార్బర్ట్ ఆ పేరు టీవీలో వస్తే ఛానలు మార్చేవాడు. "బాబూ, ఆ పేరే ముందెందుకు చదువుతున్నావు?" అంది.

"కంప్యూటరులో అలా వచ్చిందమ్మా. సగం మందికి ఒక పేరు ముందు, సగం మందికి రెండోది ముందు. ముందు విన్న పేరుకే ఊ అనేవాళ్లు కొందరుంటారు, అందుకని."

"అయితే ఒకసారి అటుదిటు మార్చి చదవరాదూ?"

"మధ్యలో మార్చకూడదమ్మా. మారిస్తే నన్నే మార్చేస్తారు."

ఇక దాచి లాభం లేదని, పక్షవాతం సంగతి, ఒక్క మాట సంగతి, చేయి నొక్కే సంగతి చెప్పింది. "ఆయన జవాబు చెప్పాడు. నా చేతిలో చెప్పాడు. రాసుకో బాబూ."

ఒక్క నిమిషం ఆగమన్నాడు. పైవాళ్లను అడిగి వచ్చాడు కాబోలు, మాట నెమ్మదించింది. "ఆయన నోటితోనే రావాలటమ్మా. ఇంకొకరు చెబితే తీసుకోకూడదట. ఆరోగ్యం బాగాలేక చెప్పలేకపోయారు అని రాయమన్నారు."

"అంటే లెక్కలోకి వస్తాడా?"

"రారమ్మా."

"మరి ముందు చెప్పిన రెండు నాలుగులు?"

"అవి కూడా పోతాయి."

"నేను చెప్పనా మరి, నా అభిప్రాయం?"

"మీ ఇంటికి ఆయన పేరే వచ్చిందమ్మా. బదులు తీసుకోకూడదు." ఆ కుర్రవాడు ఇంకేదో అనబోయి మానేశాడు. "సార్‌కి థాంక్స్ చెప్పండి," అని పెట్టేశాడు.

నార్బర్ట్ ఒళ్లో ఫోనును చూస్తూ ఉన్నాడు. తర్వాతి ప్రశ్న కోసం ఎదురుచూస్తున్నాడు.

డొలోరెస్ చేతులు తుడుచుకుని లేచి వచ్చింది. ఆమె మొహంలో వెటకారం కాస్త తగ్గింది. "నిజంగా నొక్కాడా?"

"నొక్కాడు."

"ఎవరికి?" బల్లమీది పెన్ను తీసుకుంది. "చెప్పు వదినా. ఆ కుర్రాడు అడుగుతుంటే అన్నయ్య మొహం చూశాను. ఏదో ఉంది లోపల. నువ్వన్నట్టు టాల్బట్‌కే నొక్కాడంటే ఇప్పుడే సంతకం పెట్టి పోతాను."

ఒక్క మాట. అది ఇందాక తాను చెప్పిన మాటే. నాలుక చివరే ఉంది. కానీ నార్బర్ట్ ఫోను మీదినుంచి చూపు తిప్పి ఆమెనే చూస్తున్నాడు. ఆ కళ్ల ఎదుట ఆర్లీన్‌కు అబద్ధం రాలేదు.

"మెర్రిక్‌కి," అంది.

డొలోరెస్ మొదట నవ్వింది. తర్వాత నవ్వు పోయింది. "చీమకుట్టినట్టయినా లేదా నీకు? మా నాన్న, మా తాత, మా అన్నయ్య... మా ఇంట్లో ఒక్కడైనా అటు వేశాడా? నోరు పడిపోతే పార్టీ కూడా పడిపోతుందా?"

"ఆయన నొక్కింది చెప్పాను."

"ఏదీ, ఇటివ్వు." అన్న చేయి లాక్కుంది. "అన్నయ్యా, టాల్బట్!" ఆగింది. "మెర్రిక్!" ఆగింది. నార్బర్ట్ చేయి తడిగుడ్డలా ఆమె చేతిలో పడి ఉంది. ఆయన కళ్లు మూతలు పడుతున్నాయి.

"చూశావుగా," అంది డొలోరెస్. పెన్ను బల్లమీద పెట్టింది. కోటు వేసుకుంది. గుమ్మం దగ్గర ఆగి, కోపంగా కాదు, అలసిపోయినట్టు అంది. "సంతకం నువ్వే చేసుకో వదినా. నిన్నెవరూ ఆపరు. కానీ మా అన్నయ్య వేశాడని మాత్రం నాతో అనకు."

కారు వెళ్లిపోయిన చప్పుడు వినిపించింది. ఆర్లీన్ రొట్టె మీద గుడ్డ కప్పింది. కవరు తీసి చూసింది, మళ్లీ పెట్టింది. మెర్రిక్ పేరు పక్కన గుర్తు పెడితే దొంగతనంలా ఉంటుంది. టాల్బట్ పేరు పక్కన పెడితే, ఆయన రెండుసార్లు నొక్కిన చేయిని తాను కాదన్నట్టు. ఏమీ పెట్టకపోతే నార్బర్ట్ లేనట్టే. నిజంగా మనసు మార్చుకున్నాడా? నెలల తరబడి మాట లేక, కుర్చీకే పరిమితమై, తన మీద ఆధారపడి, తన కోసమని మారాడా? లేక ముందు విన్న పేరు కాబట్టి నొక్కాడా? అడిగితే చెప్పే మనిషి ఎదురుగానే ఉన్నాడు, అడిగే దారే లేదు.

నార్బర్ట్ కునుకు తీసి లేచాక ఆమె మళ్లీ స్టూలు మీద కూర్చుంది. చేయి పట్టుకుంది.

"నార్బ్, ఇప్పుడు ఎవరూ లేరు, మనమే. నాకు చెప్పు. మెర్రిక్‌కా..."

నొక్కాడు. ఇందాకటిలాగే గట్టిగా. టాల్బట్ అంటే కదల్లేదు. ఆయన మొహం తేటగా ఉంది, చెప్పేశాను కదా అన్నట్టు.

అక్కడితో ఆపి ఉంటే పోయేది. ఆమె ఆపలేకపోయింది. "ఇంకొక్కసారి," అంది. ఈసారి ఆ కుర్రవాడు మార్చకూడదన్న వరసను మార్చింది. "టాల్బట్‌కా..."

నార్బర్ట్ నొక్కలేదు. రెండో పేరు చెప్పేదాకా ఆగనూ లేదు. ఆమె మొహంలోకి చూశాడు. వడ్డించే పిల్లను చూసినట్టు చూశాడు. తర్వాత మెల్లగా, వేలు తర్వాత వేలు విడిపించుకుని, తన చేయి తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు.

"నాలుగు," అన్నాడు, కిటికీ వైపు తిరిగి. ఆ గొంతులో అర్థం వెతకాల్సిన పని ఆమెకు పడలేదు.

"నార్బ్," అంది. "మెర్రిక్‌కా నార్బ్?" అంది. చేయి కోసం చేయి చాపింది. ఆయన ఇవ్వలేదు.

రోడ్డు మీద పోస్టు బండి వచ్చి, వాళ్ల డబ్బా దగ్గర ఆగి, వెళ్లిపోయింది. ఆర్లీన్ చాపిన చేయి అలాగే ఆయన కుర్చీ అంచు మీద పెట్టుకుని కూర్చుంది.